అమ్మమ్మ ఉంటే పదకొండు రోజులు

మా జస్సుకు దగ్గు ఎప్పుడు మొదలైందో నాకు తెలుసు. ఎప్పుడు తగ్గుతుందో మాత్రం ఆసుపత్రి గేటు దగ్గరి కంప్యూటరు చెప్పింది.

ఆదివారం పొద్దున్నే పిల్లను చంకనేసుకుని జిల్లా ఆసుపత్రికి బయల్దేరాను. ఏడాదిన్నర పిల్ల. ఒళ్ళు పెనంలా కాలుతోంది, ఊపిరి తీసినప్పుడల్లా డొక్కలెగరేస్తోంది. మా ఊరి ఆరెంపీ రెండు సీసాల మందు పోయించాక మూడో సీసా ఇవ్వడానికి ఆయనకే ధైర్యం చాలక, పెద్దాసుపత్రికి తీసుకుపొమ్మన్నాడు. మా ఆయన బోరు లారీ మీద పనికి పోయి కర్ణాటకలో ఎక్కడో ఉన్నాడు. మా అత్త బర్రెల్ని వదిలి రాలేదు. దాంతో నేనూ, పిల్లా, ఒక గుడ్డ సంచీ.

బస్సులో కూర్చున్నంతసేపూ డాక్టరుకు ఏమేం చెప్పాలో మనసులో వల్లె వేసుకున్నాను. జ్వరం ఎప్పుడొచ్చింది, పాలు ఎప్పుడు మానేసింది, రాత్రి ఎన్నిసార్లు కక్కుకుంది. ఒక్కటి మర్చిపోయినా పిల్లకు అన్యాయం చేసినదాన్నవుతానని భయం. తీరా గేటు దాటి లోపలికి వెళ్తే అక్కడ కొత్తగా ఒక అద్దాల గది కట్టి ఉంది. ‘రోగి నివాస కాల ముందస్తు నిర్ధారణ విభాగం’ అని బోర్డు. ముందు అందులోకి వెళ్ళొస్తే గానీ డాక్టరు దగ్గరికి పంపరట.

లోపల కంప్యూటరు ముందున్న అమ్మాయి జ్వరం సంగతి అడగలేదు. మీ ఊరికి నేరుగా బస్సు ఉందా అని అడిగింది. ఉందన్నాను. ఇంట్లో పాడి ఉందా అంది. రెండు బర్రెలన్నాను. పితికేదెవరంటే, నేనేనన్నాను. పిల్లకు నాయనమ్మ ఉందా? ఉంది. అమ్మమ్మ ఉందా? లేదు, నేను తొమ్మిదో తరగతిలో ఉండగానే పోయింది. క్యారియరు ఎవరు తెస్తారు? ఎవరూ తేరు. దగ్గుకూ బర్రెలకూ ఏం సంబంధమో, ఒకవేళ పాలు పడలేదేమో అని నేను ఆలోచనలో ఉండగానే యంత్రం చీటీ కక్కింది. ఆ అమ్మాయి జస్సు మణికట్టుకు నీలం పట్టీ చుట్టింది. దాని మీద ‘బుధవారం, ఉదయం పది గంటలు’ అని అచ్చు వేసి ఉంది. పిల్లకు అప్పటికి తగ్గిపోతుందట.

నిజం చెప్పొద్దూ, నా ప్రాణం లేచొచ్చింది. నిద్రపోయే పిల్ల ముక్కు దగ్గర వేలు పెట్టి చూసుకునే మనిషిని నేను. ఎప్పుడు తగ్గుతుందండీ అంటే దేవుడి మీద భారం వెయ్యమనే వాళ్ళే గానీ, వారమూ గంటా చెప్పినవాళ్ళు అప్పటిదాకా లేరు. ఇంత చల్లటి గదిలో కూర్చోబెట్టి మేపుతున్న యంత్రం ఊరికే అబద్ధం చెబుతుందా అనుకున్నాను.

పిల్లల వార్డులో హరిప్రియ అనే కుర్ర డాక్టరమ్మ జస్సు ఛాతీ మీద గొట్టం పెట్టి చాలాసేపు విన్నది. ఊపిరితిత్తుల్లో నెమ్ము చేరిందని, కనీసం వచ్చే ఆదివారం దాకా ఇంజెక్షన్లు పడాలని, మధ్యలో మానేస్తే ప్రాణానికే ముప్పని చెప్పింది. నేను నీలం పట్టీ చూపించాను. ఆమె దాన్ని పైకి జరిపింది. పిల్ల చేతిలో నరం వెతకడం మొదలుపెట్టింది.

ఆ విభాగం ఎట్లా పుట్టిందో మా వార్డు నర్సు సిస్టర్ ఎస్తేరు చెప్పింది. మంచాలు చాలక ఒక్కో మంచం మీద ఇద్దర్నీ, కింద ఒకర్నీ పడుకోబెట్టే రోజుల్లో, ఎవరు ఎప్పుడు ఇంటికి పోతారో ముందే తెలిస్తే తర్వాతి రోగికి కబురు పెట్టొచ్చు కదా అని పైన ఎవరికో ఆలోచన వచ్చిందట. మంచి ఆలోచనే. తప్పు పట్టడానికేమీ లేదు. అంతటితో ఊరుకోక, ఏ ఆసుపత్రి అంచనాలు ఎక్కువ నిజమైతే దానికి రాష్ట్రంలో మొదటి స్థానమూ, షీల్డూ ఇస్తామన్నారు. అప్పుడు మా సూపరింటెండెంటు గారికి ఒక సంగతి తట్టింది. అంచనా నిజం కావడానికి రెండు దారులున్నాయి. అంచనా సరిగ్గా వెయ్యడం ఒకటి. రోగిని అంచనా ప్రకారం పంపెయ్యడం రెండోది. రెండో దానికి తెలివితేటలు అక్కర్లేదు, వాచ్‌మన్ ఉంటే చాలు.

విభాగానికి అధికారి మార్తాండరావు గారు. అంతకు ముందు నీటిపారుదల శాఖలో, కాలవ చివరి పొలాలకు నీళ్ళు ఏ తేదీకి చేరతాయో అంచనా వేసేవారట. అక్కడ నీళ్ళు మాట వినలేదు. ఇక్కడ రోగులు వింటున్నారు.

వినక ఏం చేస్తారు. తొడ ఎముక విరిగి, కాలికి బరువు వేలాడదీసి పడుకోబెట్టిన ఒకాయనకు గడువు తీరితే, ఆ బరువుతో సహా ఆటో ఎక్కించారు. బరువు ఆసుపత్రి ఆస్తి గనక నెలలోపు తెచ్చి అప్పగించాలని సంతకం తీసుకున్నారు. ఇక ముందుగా తగ్గినవాళ్ళ బాధ ఇంకో రకం. గడువు తీరందే వాళ్ళను పంపరు. కడుపు ఆపరేషను చేయించుకుని నిక్షేపంలా లేచి తిరుగుతున్న ఒక ఎలక్ట్రీషియను, తోచక వార్డులో ఫ్యాన్లన్నీ బాగుచేశాడు. అతనికి వైద్యం చేసిన డాక్టరుకు మెమో వచ్చింది: ‘తమ అధీనంలోని రోగి ముందస్తు అనుమతి లేకుండా కోలుకున్నందుకు సంజాయిషీ ఇవ్వవలసినది.’ అప్పట్నించి పెద్దలు రౌండ్లకు వచ్చినప్పుడు, తగ్గినవాళ్ళు మర్యాదకు కాస్త మూలగాలని సిస్టర్లు బతిమాలుతున్నారు.

తిరపతమ్మ అట్లా మిగిలిపోయిన మనిషే. ఆడవాళ్ళ వార్డులో ఉండాల్సిన ఆమె, ఫ్యాన్లు బాగా తిరుగుతున్నాయని మా పిల్లల వార్డుకు వచ్చి కూర్చునేది. దిట్టమైన మనిషి, తలనిండా నూనె, నోట్లో ఎప్పుడూ ఒక వక్క. కాలు వాచి వచ్చింది, నాలుగు రోజుల్లో వాపు తీసింది. కానీ చేరిన రోజు ముగ్గురు కొడుకులూ ట్రాక్టరు మీద తీసుకొచ్చి, మూడు క్యారియర్లు పక్కన పెట్టారు. అది చూసి కంప్యూటరు ఆమెకు దీపావళి దాటాక గడువిచ్చింది. పాత రికార్డుల్లో ఇంత తిండి వచ్చే ముసలమ్మలు తొందరగా పోయిన దాఖలా లేదట. ఆమె నా దగ్గర కూర్చుని, జస్సు నుదురు తడిమి, పిల్ల పేరేందని అడిగి, ఈ పేర్లు నోరు తిరిగి చస్తాయా అని విసుక్కుని, అప్పట్నించి దాన్ని బంగారూ అనే పిలిచింది.

మంగళవారం నాడు వార్డులోకి డాక్టర్లు రాలేదు. బదులుగా మార్తాండరావు గారు వచ్చారు, వెంట నర్సింగు చదివే ఆడపిల్లల్ని వేసుకుని. మంచాల మధ్య నిలబడి వాళ్ళకు పాఠం చెప్పారు.

"గడిచిన పదేళ్ళ దస్త్రాలను మా యంత్రం సమగ్రంగా అధ్యయనం చేసింది. మంగళవారం నాడు ఈ సంస్థ నుండి కోలుకుని గృహోన్ముఖులైన రోగుల సంఖ్య దాదాపు శూన్యం. అమావాస్య నాడు శూన్యం. చేరిన తొమ్మిదవ దినమున సైతం శూన్యం. దీనిని బట్టి తేలుతున్నదేమి? సదరు దినములలో మానవ శరీరం కోలుకోదు. ఆధునిక వైద్యం ఇంతకాలం గమనించని సత్యం."

ఆడపిల్లలు రాసుకున్నారు. తిరపతమ్మ వక్క పక్కకు నెట్టి, "మంగళారం పూట ఎవరన్నా ఇల్లు జేరతారా అయ్యా? తొమ్మిదోనాడు ఇంటికి పోతే ఇంకేమన్నా ఉందా?" అంది.

మార్తాండరావు గారి ముఖం వెలిగిపోయింది. చూశారా, చదువులేని రోగులు సైతం స్వానుభవంతో ధ్రువీకరిస్తున్నారని చెప్పి, ఆమె మాట కూడా రాసుకోమన్నారు. మంగళవారం శరీరం కోలుకోదు గనక ఆ రోజు డాక్టరు రౌండ్లు ఇప్పటికే తీసేశారట. ఆ రోజు వేసే మందు కూడా వృథా గనక దాన్ని ఆపాలని పైకి ప్రతిపాదన పంపారట. జవాబు రావాల్సి ఉంది.

జస్సుకు ఆ పొద్దు జ్వరం దిగలేదు. మధ్యాహ్నానికి ముక్కుకు ఆక్సిజన్ గొట్టం పెట్టి ఊపిరి అందించాల్సి వచ్చింది. హరిప్రియ గారు వరండాలో అటూ ఇటూ చూసి లోపలికొచ్చి ఇంజెక్షను వేసి, దీన్ని సోమవారం లెక్కలో రాసుకోమని సిస్టరుకు చెప్పింది. నేను పట్టీ కేసి చూసుకుంటూ, రేపు పది గంటలకు తగ్గిపోతుందా అమ్మా అని అడిగాను. నేను నిజంగానే అడిగాను. ఆమె నా చెయ్యి పట్టుకుని తనతో రమ్మంది. పిల్లను తిరపతమ్మ ఒళ్ళో పెట్టి వెళ్ళాను.

అద్దాల గదిలో మార్తాండరావు గారు కంప్యూటరును మా వైపు తిప్పారు. చాలా ఓపికైన మనిషి. విసుక్కోలేదు.

"డాక్టరు గారూ, ఈ శిశువు మూడు రోజుల శ్రేణికి చెందినది. నాయనమ్మ గృహమున ఉండి, పాడి కలిగి, నేరు బస్సు సౌకర్యం గల ఇటువంటి శిశువులు గత దశాబ్దంలో మూడవ దినముననే ఇంటికి వెళ్ళిరి. తగ్గకుండానే వెళ్ళిరంటారా?"

ఎందుకు వెళ్ళారో నాకు తెలుసు. పొదుగు నిండి రాత్రంతా అరిచే బర్రెను ఇరుగుపొరుగు ఎన్ని పూటలు పితుకుతారు? అప్పటికే మా అత్త ఫోనులో రెండుసార్లు అడిగింది, దానికి తగ్గేదెప్పుడు, నువ్వొచ్చేదెప్పుడని. మా వీధిలో ఒకామె అట్లాగే బిడ్డను మధ్యలో తీసుకొచ్చేసి, మళ్ళీ పరిగెత్తాల్సి వచ్చింది. కానీ ఆ మాట ఆ గదిలో ఎట్లా చెప్పాలో నాకు తెలియలేదు. యంత్రం అంత చదివింది, నేనేం చదివాను.

పిల్లకు న్యుమోనియా అని ఇందులో ఎక్కడుందో చూపించమంది డాక్టరమ్మ.

"జబ్బుకు గడి లేదమ్మా," అన్నారు ఆయన. "మొదట్లో ఉండేది. పాత కేసు కాగితాల్లో జబ్బు పేరు రాసింది డాక్టర్లు గదా. ఆ చేతిరాత చదవడం యంత్రం వల్ల కాలేదు. గుమాస్తాలు రాసిన ఊరూ, బస్సూ, వెంట వచ్చినవారూ మాత్రం ముత్యాల్లా ఉన్నాయి. అందుచేత జబ్బును మినహాయించాం. మినహాయించాక ఖచ్చితత్వం పెరిగింది."

రేపటికీ జ్వరం ఉంటే ఏం చెయ్యాలని ఆమె అడిగింది. ఉండదన్నారు. ఒకవేళ కనిపిస్తే థర్మామీటరును తనిఖీకి పంపుతామన్నారు.

ఆ రాత్రి నేను పడుకోలేదని వేరే చెప్పనక్కర్లేదు. తెల్లవారి పది కాకముందే వాచ్‌మన్ చక్రాల కుర్చీతో వచ్చాడు. వెనకాల మార్తాండరావు గారు, ఆయన వెనకాల కంప్యూటరు అమ్మాయి చేతిలో పలకలాంటి చిన్న యంత్రం. సాయంత్రం ఈ మంచం మీదికి ఒక రోగి వస్తాడట. ఇంకా జబ్బు పడలేదు గానీ పడతాడని అంచనా ఉందట. హరిప్రియ గారు మంచానికి అడ్డంగా నిలబడింది. ఆమెకు సూపరింటెండెంటు గారి గది నుంచి పిలుపొచ్చింది, వెంటనే రమ్మని. ఆమె వెళ్ళేటప్పుడు నా వైపు చూసిన చూపు నాకు ఇప్పటికీ గుర్తు. నా ఒళ్ళో పిల్ల డొక్కలు ఎగురుతూనే ఉన్నాయి.

మార్తాండరావు గారు నియమం ప్రకారం ఒక కాగితం తీసి చదివారు. నిష్క్రమణకు పూర్వం సామాజిక వివరాలలో ఏదేని మార్పు జరిగి ఉన్న యెడల తెలుపవచ్చును. బస్సు రద్దయినదా? లేదన్నాను. పాడి అమ్మివేయబడినదా? లేదు. సహాయకులు ఎవరేని అదనంగా వచ్చిరా?

నా నోరు నన్ను అడక్కుండానే తెరుచుకుంది. "మా అమ్మ వచ్చింది," అన్నాను.

ఎక్కడని అడిగారు. నేను చెయ్యి చాపాను. ఎదుటి మంచం అంచున కూర్చుని తిరపతమ్మ బత్తాయి ఒలుస్తోంది. ఒలుస్తున్న చెయ్యి ఒక్క క్షణం ఆగింది. ఆమె నా ముఖం చూసింది, పిల్ల ముఖం చూసింది, చక్రాల కుర్చీ చూసింది. తర్వాత లేచి నడుముకు కొంగు దోపింది.

"ఏందే, నేను ఇట్టా కన్ను మూసి తెరిచేలోపల పిల్లని యాడికి లేపుతున్నావు? తల మీద గుడ్డ ఏదీ? నీకు ఎన్నిసార్లు జెప్పాలి, గాలికి తిప్పమాకని? నేను దగ్గర లేకపోతే ఈ పిల్ల బతికి బట్టగట్టేదేనా?" అని నన్ను దులిపేసింది. అక్కడితో ఆగలేదు. సిస్టర్ ఎస్తేరును, ఆ దుప్పటి ఉతికి ఎన్నాళ్ళయిందమ్మా అని నిలదీసింది. వాచ్‌మన్‌ను, చెప్పులతో పిల్లల మంచాల దగ్గరికి వస్తావా అంది. మార్తాండరావు గారిని చూసి, ఆ తెల్లచొక్కా ఆయన్ను కాస్త పక్కకు జరగమనండి, గాలి అడ్డమొస్తున్నాడంది.

ఆయన జరిగారు. జరిగి, ఈవిడ నిజంగానే అమ్మమ్మ అని మెల్లగా కంప్యూటరు అమ్మాయితో అన్నారు. సిస్టర్ ఎస్తేరుకు తిరపతమ్మ ఎవరో తెలుసు. ఆమె ఆ సమయంలో మందుల ట్రే సర్దుకుంటూ గోడ వైపు తిరిగి ఉంది, చాలాసేపు అట్లాగే ఉంది.

పలక యంత్రంలో అమ్మమ్మ అనే గడిలో టిక్కు పెట్టగానే జస్సుకు పదకొండు రోజులు వచ్చాయి. ఎందుకంటే అమ్మమ్మ వెంట ఉన్న పిల్లల్ని పదేళ్ళుగా ఏ డాక్టరూ తొందరగా ఇంటికి పంపలేకపోయాడు. బిడ్డ బుగ్గలు నిండందే ఆ ముసలమ్మలు కదిలేవాళ్ళు కాదు. నీలం పట్టీ కత్తిరించి ఆకుపచ్చ పట్టీ కట్టారు. వచ్చే గురువారం. వాచ్‌మన్ ఖాళీ కుర్చీ తోసుకుంటూ వెళ్ళిపోయాడు. నేను బాత్రూములోకి వెళ్ళి కొళాయి తిప్పి ఏడ్చి వచ్చాను.

సాయంత్రానికి పక్క మంచం తల్లి వచ్చి, తన పిల్లవాడికి రేపే గడువని, వాడికింకా విరేచనాలు కట్టలేదని తిరపతమ్మతో మొర పెట్టుకుంది. తెల్లారేసరికి తిరపతమ్మ వాడికీ అమ్మమ్మే. తర్వాత మూల మంచం షమీమ్ కూతురికి నానీ. ఇట్లా వార్డు మొత్తం ఆమె మనవళ్ళతో నిండిపోయింది. మెట్ల దగ్గర నుంచి ఆమె గొంతు వినబడితే చాలు, తల్లులం పిల్లల చెవులకు గుడ్డలు కట్టేవాళ్ళం. ఒక్కో తల్లినీ ఒక్కో రకంగా తిట్టేది, ఒకరి తిట్టు ఇంకొకరికి వెయ్యలేదు. యంత్రం అందర్నీ ఒప్పుకుంది. అది అమ్మమ్మ ఉందా అని అడుగుతుంది గానీ, ఆమె పేరేమిటని అడగదు.

అంచనాలన్నీ పెరిగేసరికి పిల్లలకు మందు ఆగకుండా పడింది, పడేసరికి తగ్గుముఖం పట్టింది. మార్తాండరావు గారు ఇది గమనించారు. మందు సంగతి కాదు, మందుకు గడి లేదు. అమ్మమ్మల సంగతి. అమ్మమ్మ అనే అంశం శిశువుల ఊపిరితిత్తులపై చూపు ప్రభావం అని గురువారం రాత్రికే నివేదిక రాసి పంపారు. శుక్రవారం నాడు రాజధాని నుంచి డైరెక్టరు మేడం స్వయంగా బయల్దేరి వచ్చారు. అమ్మమ్మలను చూడాలన్నారు. అమ్మమ్మను చూపించారు.

మేడం వార్డంతా కలయజూశారు. ఇన్ని మంచాలకూ ఈవిడ ఒక్కరేనా అని అడిగారు. ఒక్కరేనని, వనరుల పొదుపు దృష్ట్యా ఇది ఆదర్శప్రాయమని సూపరింటెండెంటు గారు మనవి చేశారు. ఇందులో నీ మనవరాలు ఎవరమ్మా అని మేడం అడిగితే, తిరపతమ్మ అందరూనంది. అంతవరకూ బాగానే ఉంది. మేడం వెంట వచ్చిన ఒకాయన పలక యంత్రంలో ఏదో నొక్కి, అదే పేరుతో ఆడవాళ్ళ వార్డులో ఒక రోగి ఉన్నదని, ఆమెకు సంతానం ముగ్గురు కొడుకులే తప్ప ఆడపిల్లలు లేరని చదివి వినిపించాడు.

మార్తాండరావు గారి నుదుట చెమట పట్టింది. ఆడపిల్లలు లేని మనిషి అమ్మమ్మ కాజాలదు. దస్త్రాల ప్రకారం ఆమె నాయనమ్మ. నాయనమ్మ వెంట ఉంటే పిల్లకు రెండు రోజులు, ఎందుకంటే ఏ నాయనమ్మ అయినా కోడల్ని తొందరగా ఇంటికి తీసుకుపోవాలనే చూసింది. నాయనమ్మ అని దిద్దితే వార్డు వార్డంతా ఆ క్షణానే గడువు మీరిన లెక్క. జస్సుకు ఇంజెక్షన్లు ఇంకా మిగిలే ఉన్నాయి. అప్పుడప్పుడే జ్వరం దిగుతోంది. కింద అంబులెన్సులు సిద్ధం చెయ్యమంటారా అని ఎవరో అడగడం వినిపించింది.

మేడం నా దగ్గరికొచ్చారు. మొదటి ఆకుపచ్చ పట్టీ మా జస్సుదే. ఆమె పెద్ద గొంతు చెయ్యలేదు.

"నిజం చెప్పమ్మా. ఈవిడ నీకు ఏమవుతుంది?"

అబద్ధమాడితే ఏం చేస్తారోనని భయం వేసింది. అయినా మేడం ముఖం కేసి కాదు, తిరపతమ్మ కేసి చూశాను. ఆమె జస్సును భుజాన వేసుకుని, దగ్గు తెమడ తెగాలని వీపు మీద చెయ్యి గిన్నెలా ముడిచి తడుతోంది. డాక్టరమ్మ నేర్పిన తట్టు. నేను తడితే పిల్ల ఏడుస్తుంది, ఆమె తడితే నిద్రపోతుంది.

"అమ్మ అవుతుందండీ," అన్నాను. నా నోటికి అది అబద్ధంలా తగల్లేదు.

మేడం పక్క మంచం వైపు తిరిగారు. ఆమె కూడా అమ్మేనంది. షమీమ్, మా అమ్మీయే మేడం అంది. అడిగినవాళ్ళూ అడగనివాళ్ళూ, పద్దెనిమిది మందీ చెప్పారు. తిరపతమ్మ పిల్లను తట్టడం ఆపలేదు. కళ్ళు మాత్రం కొంగుతో ఒకసారి ఒత్తుకుంది.

మేడం మార్తాండరావు గారి వంక చూశారు. యంత్రం ఏమంటున్నదని అడిగారు. ఆయన కూతుళ్ళ గడిలో పద్దెనిమిది అని కొట్టారు. యంత్రం ఏ అభ్యంతరమూ లేకుండా తీసుకుంది.

"యంత్రం ఆమోదించింది మేడం," అన్నారు ఆయన, పోయిన ఊపిరి తిరిగొచ్చినట్టు. "దోషం వివరాలు రాసుకున్న గుమాస్తాది. ఈమెకు ఇరవై ఒక్క మంది సంతానమని జనాభా లెక్కల శాఖకు సవరణ రాస్తాను."

రాశారు కూడా. తిరుగు టపాలో వాళ్ళు క్షమాపణ చెప్పారట. వారంలోపే ఉత్తర్వు వచ్చింది: ప్రతి జిల్లా ఆసుపత్రికీ ఒక అమ్మమ్మ పోస్టు మంజూరు. అరవై ఏళ్ళు నిండి ఉండవలెను, గద్దించుటలో అనుభవం వాంఛనీయం. ఈలోపు ప్రస్తుత అమ్మమ్మ మెడలో వేసుకోవడానికి సహాయకుల కార్డు ఒకటి ఇచ్చారు, ఏ వేళలోనైనా గేటు దాటవచ్చునని.

ఆదివారంతో జస్సు ఇంజెక్షన్లు అయిపోయాయి. హరిప్రియ గారు ఛాతీ మీద గొట్టం పెట్టి విని, రెండోసారి విని, ఇంకేం లేదు అంది. సూపరింటెండెంటు గారు ఆ బుధవారం పిలిపించి ఆమెకు ఏం చెప్పారో నేను అడగలేదు. జస్సు ఆమె జేబులోని పెన్ను లాక్కుంటే, నవ్వి దానికే వదిలేసింది. గడువు గురువారం గనక అప్పటిదాకా ఆగాం. రౌండ్లకు వచ్చినప్పుడు జస్సు మూలగడానికి ఒప్పుకోలేదు, దాని బదులు నేను మూలిగాను. ఇంటి దగ్గర బర్రెల్ని మా అత్తే పితుకుతోందట. ఇన్నాళ్ళూ కూర్చుని పితకనివ్వని మోకాళ్ళ నొప్పులు ఏమయ్యాయో ఫోనులో చెప్పలేదు.

తిరపతమ్మ పని మాత్రం చిక్కులో పడింది. కూతుళ్ళ గడి మారింది గనక ఆమె గడువు మళ్ళీ లెక్కకట్టారు. పద్దెనిమిది మంది కూతుళ్ళు క్యారియర్లు తెచ్చే ముసలమ్మ ఎప్పటికి ఇంటికి పోతుందో యంత్రం చాలాసేపు ఆలోచించి, మూడేళ్ళ తర్వాతి ఉగాది వేసింది. తేదీ విని కొడుకులు ట్రాక్టరుతో వచ్చి గేటు దగ్గర గొడవ పడ్డారు. గడువు తీరని రోగిని పంపితే షీల్డు పోతుందని వాళ్ళను వెనక్కి పంపేశారు.

గురువారం పది గంటలకు నేను సంచీ భుజానికి తగిలించుకున్నాను. మార్తాండరావు గారు అంచనా తు.చ. తప్పకుండా నిజమైందని మాతో ఫోటో దిగారు. తిరపతమ్మ జస్సును ఎత్తుకుని గేటు దాకా సాగనంపడానికి వచ్చింది. పిల్ల ఆమె మెడలోని కార్డు తాడును గుప్పిట పట్టుకుని వదల్లేదు. నేను వదిలించబోయి, ఆ కార్డు చూసి, ఆగిపోయాను. రోగి తిరపతమ్మకు గేటు దాటే వీల్లేదు. మా అమ్మకు ఉంది.

"పోదాం పా," అన్నాను. మీరు అనలేదు, అమ్మను ఎవరైనా మీరంటారా.

ఆమె నా వైపు చూసింది. ఆడవాళ్ళ వార్డులో చెప్పులూ, వక్కల సంచీ ఉండిపోయాయి. వెనక్కి తిరిగి చూడలేదు. ఎండలో పసిదాన్ని నిలబెడతావా అని వాచ్‌మన్‌ను గద్దించేసరికి అతనే పరిగెత్తి గేటు తీశాడు. కొడుకులకు అక్కణ్ణించే ఫోను చేసి, మూడేళ్ళ దాకా నాకోసం రావొద్దని ఆసుపత్రోళ్ళు చెప్పారు గదా, తొందరేం లేదు, నేనే వస్తానని చెప్పింది.

లోపల కంప్యూటరులో మాత్రం ఆమె ఆ మంచం మీదే ఉంది. ఇంతవరకూ ఆమె విషయంలో అంచనా ఒక్క రోజు కూడా తప్పలేదట.

బస్టాండులో ఆమె ఊరి బస్సు కంటే మా ఊరి బస్సు ముందొచ్చింది. ఆడవాళ్ళ సీటులో కిటికీ పక్కన తను కూర్చుని, పిల్లకు గాలి తగలకుండా కొంగు కప్పి, ఏందే, టిక్కెట్టు తీసుకోవా, ఎంతసేపు నిలబడతావని నన్ను కసిరింది.